శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల భాషా అధ్యాపకులకు ఆన్‌లైన్ మెంటరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

సెమిస్టర్ మొదలవుతుందనగా ఫోన్లు మొదలవుతాయి. టెక్కలి నుంచి ఒకరు, బొబ్బిలి నుంచి ఒకరు, రాజాం ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఇంకొకరు. ఊళ్లు వేరైనా సందేహాలు అవే. డిగ్రీ, పీజీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లీష్, తెలుగు, హిందీ, సంస్కృతం చెప్పేవాళ్లను అనుభవమున్న అధ్యాపకులతో ఆన్‌లైన్‌లో జత కలిపే పనిలో ఉన్నాం కాబట్టి, మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లిపోండి.

## చేరే ముందు

మెంటరింగ్ అంటే మళ్లీ ఇంకో ట్రైనింగేనా?

ట్రైనింగ్‌లో ఒకరు చెప్తారు, వంద మంది వింటారు. అందరికీ ఒకటే పాఠం. ఇక్కడ ఉండేది ఇద్దరే. మాట్లాడుకునేది కూడా మీ క్లాసు గురించే: మంగళవారం రెండో పీరియడ్‌లో ఏమైంది, వెనక బెంచీల వాళ్లు ఎందుకు నోరు విప్పలేదు, వచ్చే వారం ఏం మార్చి చూద్దాం. స్లైడ్లు ఉండవు, హాజరు పట్టీ ఉండదు, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపమని వెంటపడేవాళ్లూ ఉండరు.

నాకు పదిహేనేళ్ల సర్వీసు ఉంది. ఇప్పుడు నాకెందుకు ఇది?

కాలేజీలో ఉద్యోగానికి నెట్, సెట్ అనే అర్హత పరీక్షల్లో ఒకటి గానీ, పీహెచ్‌డీ గానీ అడుగుతారు. బీఈడీ అడగరు. అంటే సాహిత్యం చదువుకున్నాం, దాని మీద పరిశోధన చేశాం, కానీ భాష ఎలా నేర్పాలో మనలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. మనకు చెప్పిన మాస్టార్లను చూసి పట్టుకున్నదే మన పద్ధతి. దాంతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం, బాగానే నెట్టుకొచ్చాం కూడా. కానీ ఎదురుగా కూర్చునేవాళ్లు మారిపోయారు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీష్ మీడియంలోకి వచ్చేశాయి. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవాడు ఇప్పుడు కామర్స్ కూడా ఇంగ్లీష్‌లోనే రాయాలి, ఆ బరువంతా వచ్చి ఇంగ్లీష్ లెక్చరర్ మీద పడుతుంది. పదిహేనేళ్ల కింద పనిచేసిన నోట్సు ఈ క్లాసులో పనిచేయడం లేదని మీకే అనిపిస్తుంటే రండి. అనిపించకపోతే ఇప్పుడే రావాల్సిన పనిలేదు.

నేను గెస్ట్ ఫ్యాకల్టీని. నన్ను తీసుకుంటారా?

తీసుకుంటాం. ముందు మీకే చోటు అంటాం కూడా. రెగ్యులర్ వాళ్లకు ఓరియంటేషన్లు, రిఫ్రెషర్లు ఉంటాయి. గంటల లెక్కన పనిచేసేవాళ్ల దగ్గర కూర్చుని మీ క్లాసు ఎలా నడుస్తోందని అడిగే నాథుడు ఉండడు.

ఇది ఇంగ్లీష్ వాళ్లకేనా? తెలుగు, హిందీ, సంస్కృతం చెప్పేవాళ్ల సంగతేంటి?

నాలుగు భాషల వాళ్లకూ ఉంది. ఇంగ్లీష్ వాళ్లు ఎక్కువగా వస్తున్నారన్నది నిజమే, అవసరం మిగతావాళ్లకు తక్కువేం కాదు. తెలుగు క్లాసే చూడండి. పద్యం చదివి, ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం రాయించేసరికి గంట కొట్టేస్తారు. పిల్లలు ఆ పద్యాన్ని ఒక్కసారైనా నోరారా చదివారా? హిందీ క్లాసులో గొడవ వేరు, చదవడం వచ్చినా రెండు వాక్యాలు మాట్లాడలేరు. సంస్కృతం మార్కుల కోసం తీసుకున్నవాళ్లే ఎక్కువ, వాళ్లకు భాష మీద ఆసక్తి పుట్టించడం ఇంకో తలనొప్పి. మెంటర్ మీ భాష చెప్పినవారే ఉండేలా చూస్తాం. సంస్కృతానికి మాత్రం మెంటర్లు తక్కువ, ఒక్కోసారి ఆగాల్సి వస్తుంది.

సర్టిఫికెట్ ఇస్తారా? క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) ప్రమోషన్‌కి పనికొస్తుందా?

ఇవ్వం, పనికిరాదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పే లెవెల్ 10 నుంచి 11కి వెళ్లాలంటే 21 రోజుల ఓరియంటేషన్ కావాలి. దాంతోపాటు రిఫ్రెషర్ కోర్సో, సర్టిఫికెట్‌తో పూర్తిచేసిన మూక్ (అందరికీ తెరిచి ఉండే ఆన్‌లైన్) కోర్సో లాంటిది ఇంకొకటి చూపించాలి. ఇద్దరు టీచర్లు ఫోన్లో మాట్లాడుకున్నది ఆ లెక్కలోకి రాదు. సర్టిఫికెట్ పెడితే జనం పెరుగుతారని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. పెరుగుతారు, నిజమే. కానీ కాగితం కోసం వచ్చినవారు తమ క్లాసులో సరిగా నడవని ముక్కను ఎందుకు బయటపెడతారు? బాగా వచ్చిన పాఠమే పంపుతారు. అప్పుడు మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రభుత్వం వైపు నుంచి ఇలాంటిదేమీ లేదా?

కాగితం మీద ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో మెంటరింగ్ కోసం ఒక జాతీయ మిషన్ పెట్టాలని రాశారు. సీనియర్, రిటైర్డ్ అధ్యాపకులు, అందులోనూ భారతీయ భాషల్లో బోధించగలవాళ్లు, కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులకు తోడు నిలవాలన్నది అందులో ఉన్న మాట. ఉపాధ్యాయ విద్యను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ ఆ మిషన్‌ను పాఠశాల ఉపాధ్యాయులతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. కాలేజీ వాళ్లకు 2023లో మాలవీయ మిషన్ పేరుతో శిక్షణ కార్యక్రమాలు వచ్చాయి, వాటిలో చాలావరకు ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. అవి చేయండి, ప్రమోషన్‌కి అక్కరకొస్తాయి. మీ క్లాసు గురించి మీతో విడిగా మాట్లాడే మనిషి కావాలంటే అది ఇంకో పని.

ఫీజు ఎంత?

లేదు. మెంటర్లకూ గౌరవ వేతనం లేదు.

మా ప్రిన్సిపాల్‌కి చెప్పాలా?

మెంటర్‌తో మాట్లాడుకోవడం మీ సొంత విషయం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లాసులో రికార్డింగ్ చేయాలనుకుంటే మాత్రం ముందు చెప్పి తీరాలి. నోటిమాటగా సరే అన్నా, తర్వాత ఒక చిన్న లెటర్ ఇచ్చి సంతకం తీసుకుని ఉంచుకోండి. రేపు ప్రిన్సిపాల్ మారొచ్చు కదా.

మాది సీతంపేట. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కాదు కదా, చేరొచ్చా?

చేరొచ్చు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయినా మేం ఉమ్మడి జిల్లాల లెక్కే పాటిస్తున్నాం.

## జత కుదిరేటప్పుడు

మా కాలేజీలోనే సీనియర్లు ఉన్నారు కదా, ఆన్‌లైన్‌లో బయటివాళ్లు ఎందుకు?

చాలా డిగ్రీ కాలేజీల్లో హిందీకి ఒక్కరే, తెలుగుకు ఒక్కరే. సీనియర్ అనేవారే ఉండరు. ఉన్నచోట ఇంకో ఇబ్బంది: మీ వర్క్‌లోడ్ వేసేదీ, మీ సెలవు చీటీ చూసేదీ, మీ రిపోర్టు రాసేదీ ఆయనే. "నా క్లాసు చేయిదాటిపోతోంది సార్" అని ఆయన దగ్గర మనసు విప్పి చెప్పగలరా? బయటి మనిషికి మీ కాలేజీ రాజకీయాలు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీ కాలేజీలో అలా మాట్లాడుకోగలిగిన సీనియర్ ఉంటే మాత్రం అదృష్టవంతులు, మా దగ్గరకు రానక్కర్లేదు.

మెంటర్ హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఉంటారు. మా పిల్లల సంగతి వాళ్లకేం తెలుస్తుంది?

మొదట తెలియదు. అందుకే జత కలిపే ముందు మీ క్లాసు గురించి ఒక పేజీ రాయమంటాం. ఎంతమంది, ఏ ఊళ్ల నుంచి వస్తారు, ఎన్ని గంటల బస్సుకు వెళ్లిపోతారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నవి అందులో ఉండాలి. ఈ చివరిదాన్ని మనవాళ్లు తేలిగ్గా వదిలేస్తారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇంటిభాష అయినవాళ్లు క్లాసులో ఉంటారు. ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన పిల్లల్లో సవర అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది, మనం మాత్రం "తెలుగులో చెప్పినా అర్థం కాలేదా?" అని కసురుతాం. ఇక శ్రీకాకుళం యాస ఉన్న పిల్లవాడు, నలుగురూ నవ్వుతారని తెలుగు క్లాసులో కూడా నోరు మెదపడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోదే అని ఏటా ఆగస్టు 29న సభ పెట్టి గర్వంగా చెప్పుకుంటాం. ఆ మర్నాడు క్లాసులో యాసను ఎక్కిరిస్తే ఊరుకుంటాం. ఇవన్నీ ఆ ఒక్క పేజీలో రాయండి, దూరాన ఉన్న మనిషికి మీ క్లాసు కళ్లకు కడుతుంది.

వారానికి ఎంత టైమ్ పడుతుంది?

రెండు వారాలకు ఒక కాల్, నలభై నిమిషాలు. మధ్యలో ఒకటో రెండో వాయిస్ మెసేజ్‌లు. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. దానిపైన నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, అడ్మిషన్ డ్యూటీలు, ఎన్ఎస్ఎస్ ఎటూ ఉన్నవే. అంతకు మించి అడిగితే రెండో నెలకే అందరూ జారుకుంటారు.

మొదటి కాల్‌లో ఏం మాట్లాడాలి? టెన్షన్‌గా ఉంది.

మొదటి కాల్‌లో పాఠం గురించి మాట్లాడకపోయినా నష్టం లేదు. ఎక్కడ చదువుకున్నారు, ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారు, ఏ క్లాసుకు వెళ్లాలంటే హాయిగా ఉంటుంది, ఏ క్లాసుకు కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్తారు, ఇంతే. ఒకరినొకరు ఎలా పిలుచుకోవాలో కూడా అప్పుడే తేలిపోతుంది. కొందరికి "మేడమ్" బాగుంటుంది, కొందరు "మాస్టారూ" అంటేనే పలుకుతారు. కాల్ ముగిసేలోపు ఒక్కటి తేల్చుకోండి: ఈ సెమిస్టర్‌లో దేని మీద పనిచేయాలి. అది చిన్నదై ఉండాలి. "పిల్లల కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచాలి" అంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. "గ్రూపు పని ఇచ్చినప్పుడు ఇద్దరే రాస్తారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు" అంటే ఆ రోజే పని మొదలుపెట్టొచ్చు.

నేను ఇంగ్లీష్ లెక్చరర్‌ని. మెంటర్‌తో తెలుగులో మాట్లాడితే తక్కువగా చూస్తారా?

చూడరు. చిక్కు చెప్పుకునేటప్పుడు నోటికి వచ్చిన భాషే మంచిది. ఇంగ్లీష్‌లో మొదలుపెట్టిన జతలు కూడా పది నిమిషాలకు తెలుగులోకి దిగిపోతాయి.

గూగుల్ మీటా, జూమా, వాట్సాపా?

మీ ఫోన్లో ఏది ఆగకుండా నడిస్తే అది. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ తెగిపోతుంది. గూగుల్ మీట్‌లో ఇద్దరే ఉంటే ఆ బెంగ లేదు, ముగ్గురు చేరితేనే గంట పరిమితి. సిగ్నల్ బాగోకపోతే వీడియో ఆపేసి మామూలు ఫోన్ కాల్ చేసుకోండి. మొహం కనబడకపోయినా పని జరుగుతుంది.

## క్లాసును పంచుకునేటప్పుడు

క్లాసు వీడియో తీసి పంపాల్సిందేనా?

అక్కర్లేదు. ఆడియో చాలు. ఇంకా మాట్లాడితే భాషా పాఠానికి ఆడియోనే మేలు. వీడియోలో మనం మన చీర, మన జుట్టు, బోర్డు మీద మన రాత చూసుకుంటూ ఉండిపోతాం. ఆడియోలో ఎవరు ఎంతసేపు మాట్లాడారన్నది దాచినా దాగదు. ఆడియో కూడా వద్దనుకుంటే క్లాసు అయిన పది నిమిషాల్లోపు మీకు గుర్తున్నది వాయిస్ మెసేజ్‌గా చెప్పి పంపండి. సాయంత్రానికి వాయిదా వేస్తే మనకు అనుకూలమైనదే గుర్తుంటుంది.

మా దగ్గర నెట్ అంతంతమాత్రం. రికార్డింగ్ ఎలా పంపాలి?

ఫుల్ హెచ్‌డీ వీడియో పది నిమిషాలు తీస్తేనే ఒక జీబీ దాటిపోతుంది. యాభై నిమిషాల ఆడియో మామూలు క్వాలిటీలో 50 ఎంబీ లోపే. క్లాసంతా పంపమని కూడా ఎవరూ అడగరు. మీకు సందేహం ఉన్న ఎనిమిది పది నిమిషాల ముక్క కత్తిరించి పంపండి. ఆ ముక్కను ఎంచుకోవడానికి మొత్తం ఒకసారి వింటారు చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది.

పిల్లల గొంతులు, మొహాలు రికార్డయితే ఇబ్బంది కాదా?

జాగ్రత్త పడకపోతే ఇబ్బందే. రికార్డు చేసే రోజు ముందే క్లాసులో చెప్పండి: ఇది నా బోధన బాగుపరచుకోవడానికి, వినేది ఒక్కరే, మీ మార్కులకు దీనికి సంబంధం లేదు, ఇష్టం లేనివాళ్లు ఆ మూల కూర్చోండి, ఆ వైపు ఫోన్ పెట్టను. ఫస్టియర్‌లో 18 నిండనివాళ్లు ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. కాబట్టి ఫస్టియర్ క్లాసులో ఫోన్ మీ టేబుల్ మీదే పెట్టి మీ గొంతు వరకే వచ్చేలా చూసుకోండి, లేదా సెకండియర్ క్లాసు ఎంచుకోండి. ఏ రికార్డింగూ గ్రూపుల్లో పెట్టకూడదు, స్టేటస్‌లో అసలే పెట్టకూడదు.

ఫోన్ పెట్టగానే పిల్లలు బిగుసుకుపోతారు. అప్పుడు అది అసలు క్లాసు ఎలా అవుతుంది?

మొదటిసారి బిగుసుకుంటారు, మీరూ బిగుసుకుంటారు. రెండు క్లాసులు ఊరికే రికార్డు చేసి వదిలేయండి. మూడోసారికి ఎవరికీ పట్టదు.

రికార్డింగ్ విని మెంటర్ ఏం చూస్తారు?

ముందుగా, ఎవరు మాట్లాడుతున్నారో. బీఈడీ చదివినవాళ్లకు ఫ్లాండర్స్ పేరు గుర్తుండాలి. క్లాసులో మాటలను పది రకాలుగా విడగొట్టి, మూడేసి సెకన్లకు ఒక అంకె రాసుకుంటూ పోయే పద్ధతి ఆయనది. క్లాసు సమయంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారని, అందులో మూడింట రెండు వంతులు టీచరే మాట్లాడతారని ఆయన తేల్చారు. మనకు అంత లెక్క అక్కర్లేదు. కాగితం మీద రెండు గళ్లు గీసి, పిల్లలు నోరు తెరిచిన ప్రతిసారీ ఒక గీత పెడితే చాలు. ఎన్ని గీతలన్నది ఒక సంగతి, అన్నీ ముందు బెంచీవేనా అన్నది ఇంకో సంగతి.

తర్వాత చూసేది మౌనం. అమెరికాకు చెందిన మేరీ బడ్ రో 1970ల్లో క్లాసు రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడనివాళ్లు కూడా మాట్లాడారు. మన దగ్గర పిల్లవాడు ఇంగ్లీష్ ప్రశ్నను తెలుగులోకి తెచ్చుకుని, జవాబు తెలుగులో అనుకుని, మళ్లీ ఇంగ్లీష్‌లో కూర్చుకోవాలి. వాడికి మూడు సెకన్లు కూడా తక్కువే.

ఒక జత మాట్లాడుకున్నది చూడండి. డిగ్రీ సెకండియర్ ఇంగ్లీష్, కథ చెప్తున్న క్లాసు.

"మేడమ్, ఎనిమిదో నిమిషంలో 'ఎనీ డౌట్స్?' అన్నారు. తర్వాత ఏమైంది?"

"ఎవరూ ఏం అడగలేదండి. అర్థమైపోయిందనుకుని ముందుకెళ్లాను."

"ఎంతసేపు ఆగారో ఒకసారి వినండి."

ఆవిడ విన్నారు. "అయ్యో, ఆ వెంటనే 'ఓకే, నెక్స్ట్ పేరా' అనేశాను సార్."

"మరి వచ్చే క్లాసులో ఏం చేద్దామనుకుంటున్నారు?"

ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. ఆవిడే కాసేపు ఆలోచించి, 'ఎనీ డౌట్స్' అనడం మానేసి, పేరా అవగానే "మీకు అర్థం కాని ఒక్క మాట కింద గీత గీసి పక్కవాళ్లకు చూపించండి" అని అడుగుతానన్నారు. తర్వాతి రికార్డింగ్‌లో బల్లలు జరిగిన చప్పుడు, గుసగుసలు, నవ్వులు, వాటి వెనక నుంచి ఒక కుర్రాడి గొంతు: "మేడమ్, రిలక్టెంట్ అంటే ఏటి మేడమ్?" అన్నాళ్లూ ఆ క్లాసులో వెనక నుంచి వచ్చిన మాట "ప్రెజెంట్ మేడమ్" ఒక్కటే.

మా క్లాసులో ఎనభై మంది. ఇవన్నీ ఇరవై మంది ఉన్న చోట కుదురుతాయి గానీ మాకెలా?

ఎనభై మందితో గుండ్రంగా కూర్చోబెట్టే పనులు కుదరవు. బెంచీలు నేలకు బిగించి ఉంటాయి, కదలవు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చేత పని చేయించడం మాత్రం ఎంతమంది ఉన్నా కుదురుతుంది. ఒక ప్రశ్న, ఒక నిమిషం, పక్కవాడితో చెప్పుకోవడం, ఆ తర్వాత ముగ్గురిని అడగడం. గోల వస్తుంది. పక్క క్లాసు లెక్చరర్‌కు ముందే చెప్పి ఉంచండి, లేదంటే మధ్యలో తలుపు కొడతారు.

## నడుమ వచ్చే చిక్కులు

మెంటర్ తప్పులే ఎంచుతున్నారనిపిస్తోంది. ఏం చేయాలి?

నేరుగా ఆయనకే చెప్పండి, "ఈసారి ఈ ఒక్క విషయం గురించే మాట్లాడదాం మాస్టారూ" అని. వినే విషయాన్ని మీరు ముందే ఎంచుకుని పంపితే తప్పులెంచడం తగ్గుతుంది. అయినా మారకపోతే మాకు ఒక మెసేజ్ పెట్టండి, కారణాలు రాయనక్కర్లేదు, జత మార్చేస్తాం. ఎవరినీ తప్పుపట్టం. ఇద్దరు మంచివాళ్లకు పడకపోవడం లోకంలో కొత్తేమీ కాదు.

మెంటర్ చెప్పినట్టు చేస్తే సిలబస్ పూర్తి కాదు.

ఈ మాటలో సగం నిజం ఉంది. సెమిస్టర్ పరీక్షలు వచ్చేస్తాయి, యూనిట్లు మిగిలితే మాట పడేది మీరే. అందుకని మొత్తం క్లాసు మార్చాలనుకోకండి. యాభై నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు కొత్త పద్ధతికి, మిగతాది మీ పాత దారిలోనే. ఇక మిగతా సగం: చాలాసార్లు సిలబస్ పూర్తయ్యేది మన నోట్‌బుక్‌లో, పిల్లల బుర్రలో కాదు. మీ మెంటర్ ఎప్పుడూ ఇరుకు సెమిస్టర్‌లో పనిచేయని మనిషైతే మీ టైమ్ టేబుల్ ఫొటో తీసి పంపండి, సలహాల జోరు దానంతటదే తగ్గుతుంది.

పరీక్షలు, పండగలు, తుఫాన్లు వచ్చినప్పుడు?

ఆపేయండి. ఇంటర్నల్స్ వారంలో, వాల్యుయేషన్ రోజుల్లో, సంక్రాంతికి కాల్ పెట్టుకోవద్దు. విజయనగరం వాళ్లు సిరిమానోత్సవం వారం ఎటూ దొరకరు. అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి గండం: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి, తిత్లీకి ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు, సిగ్నల్ లేవు. కాబట్టి గట్టిగా చేయాల్సిన పని ఏదైనా ఉంటే సెమిస్టర్ మొదట్లోనే పెట్టుకోండి. మధ్యలో నెల రోజులు మాట్లాడుకోకపోతే జత విడిపోయినట్టు కాదు.

నేను మాట్లాడింది మా హెచ్‌ఓడీకి చేరుతుందా?

చేరదు. మెంటర్ ఎవరికీ నివేదిక రాయరు, మాక్కూడా. మేం అడిగేది కాల్స్ నడుస్తున్నాయా లేదా అన్నది ఒక్కటే. ఎవరైనా ప్రిన్సిపాల్ ఫోన్ చేసి మా లెక్చరర్ ఎలా ఉన్నారని అడిగితే, వాళ్లనే అడగమంటాం.

## మెంటర్‌గా ఉండాలనుకునేవాళ్లకు

రిటైరయ్యాను. నేను మెంటర్‌గా పనికొస్తానా?

వస్తారు, ఒక షరతు మీద. మాట్లాడేదానికన్నా వినేది ఎక్కువ ఉండాలి. ముప్ఫై ఏళ్లు క్లాసులో మాట్లాడిన నోటికి అది కష్టమే, కాదనం. అందుకే మొదటి రెండు కాల్స్ మీరే రికార్డు చేసుకుని వినమంటాం, అవతలి మనిషి అనుమతితోనే. నలభై నిమిషాల్లో ముప్ఫై మీ గొంతే వినబడితే మీకే తెలిసిపోతుంది. స్మార్ట్‌ఫోన్ వాడకం రాకపోయినా పర్వాలేదు, మామూలు కాల్‌తో నడిపేవాళ్లు ఉన్నారు.

తప్పు కళ్లెదుట కనిపిస్తుంటే చెప్పకుండా ఎలా ఊరుకోవాలి?

ఉచ్చారణ తప్పో, వ్యాకరణం తప్పో పిల్లల నోట్‌బుక్‌ల్లోకి వెళ్లిపోతుంటే ఊరుకోకూడదు. నెమ్మదిగా, సూటిగా చెప్పేయండి, దానికి ప్రశ్నల రూపం తొడగక్కర్లేదు. సమాధానం మనసులో పెట్టుకుని "మీకేమనిపిస్తోంది?" అని తిప్పి తిప్పి అడగడం ఎదుటివాళ్లకు వైవా లాగా ఉంటుంది. మీకే నిజంగా జవాబు తెలియని చోట మాత్రం అడగండి, అది వాళ్ల క్లాసు, వాళ్లకే ఎక్కువ తెలుసు.

అడగడం అంటే జె.ఎ. యేట్స్ గుర్తొస్తాడు. వందేళ్ల కిందట ఈ ప్రాంతానికి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన ఇంగ్లీష్ దొర. తనిఖీ చేసి పోవాల్సిన మనిషి, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లో తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. విశాఖలో ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు గిడుగు, గురజాడ అని దారి చూపించారు. గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవారే. వాడుక భాషా ఉద్యమం కథ చెప్పేవాళ్లు ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతారు. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు రాసి ఊరుకుని ఉంటే?

మెంటీ (నాతో జత కలిసిన అధ్యాపకులు) ఫోన్ ఎత్తడం లేదు. ఎన్నిసార్లు చేయాలి?

రెండుసార్లు. తర్వాత ఒక మెసేజ్ పెట్టి ఆగండి. చాలావరకు అది మీ మీద కోపం అయి ఉండదు, క్లాసులో అనుకున్నది చేయలేకపోయామన్న మొహమాటం. "ఏమీ చేయకపోయినా పర్లేదు, ఊరికే మాట్లాడుకుందాం" అంటే తిరిగొస్తారు.

## సెమిస్టర్ అయ్యాక

పాస్ శాతం పెరిగితే మెంటరింగ్ ఫలించినట్టేనా?

అలా చెప్పలేం. పేపర్ తేలికగా వచ్చినా పెరుగుతుంది, వాల్యుయేషన్ ఉదారంగా జరిగినా పెరుగుతుంది. సెమిస్టర్ మొదట్లో ఒక ఆడియో, చివర్లో ఒక ఆడియో, రెండూ పక్కపక్కన పెట్టి వినండి. ఎంతమంది పిల్లల గొంతులు వినబడుతున్నాయి, ఎన్ని జవాబులు ఒక్క మాట దాటాయి, మీరు ఎక్కడ ఆగారు. పిల్లలు రాసిన పేరాలు కూడా జూన్‌లోవి కొన్ని, నవంబర్‌లోవి కొన్ని దాచుకోండి. ఏ తేడా కనబడకపోవడం కూడా జరుగుతుంది, అప్పుడు ఎంచుకున్న సమస్యే సరైనదా అని ఆలోచించాలి.

అదే మెంటర్‌తో కొనసాగొచ్చా?

ఇద్దరికీ ఇష్టమైతే ఇంకో సెమిస్టర్. ఆ తర్వాత మార్చమనే చెప్తాం. స్నేహం ఎలాగూ ఉంటుంది, కానీ ఒకరికొకరు బాగా అలవాటైపోయాక అడగాల్సిన ప్రశ్నలు అడగడం తగ్గిపోతుంది.

రికార్డింగులు ఏం చేయాలి?

మెంటర్ ఫోన్లోవి ఆ కాల్ గురించి మాట్లాడుకున్నాక తీసేయాలి. మీవి సెమిస్టర్ చివర తీసేయండి. డ్రైవ్‌లో, వాట్సాప్ బ్యాకప్‌లో మిగిలిపోయినవి కూడా చూసి తీయండి.

ఇవన్నీ లేకుండా మా ఊళ్లో ముగ్గురు నలుగురు లెక్చరర్లం కలిసి సొంతంగా చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు. వేరు వేరు కాలేజీల వాళ్లయితే ఇంకా మంచిది. పదిహేను రోజులకు ఒకసారి ఒకరి ఆడియో ముక్క, పది నిమిషాలు మించకుండా, అందరూ ముందే విని రావాలి. పాఠం చెప్పినవారే మొదట మాట్లాడాలి, "ఈ చోట నాకు సందేహం ఉంది" అని. మిగతావాళ్లు ముందు తాము విన్నది చెప్పాలి, అనుకున్నది తర్వాత. "బాగుందండీ" అని ఒక్క మాటలో తేల్చేయడం నిషేధం అని ముందే అనుకోండి, లేకపోతే మూడో సమావేశానికి టీ, బజ్జీలే మిగులుతాయి. ఒకరు చొరవ తీసుకుని తేదీలు గుర్తుచేస్తూ ఉండాలి, ఆ పని మాత్రం ప్రతి సెమిస్టర్ చేతులు మారాలి.